తుఫాహా పట్టుకున్న జెండా కొయ్య

తుఫాహా ఇంగ్లీషు దొరగారి ఏజెన్సీ ఆవరణలోకి పరుగెత్తుకొచ్చి చూసేసరికి జెండా కొయ్య లేదు. అది ఉండాల్సిన చోట ఒక గుంత ఉంది. గుంత పక్కన నాలుగు రాళ్ళు, ఒక రాయి మీద ఎండ కాచుకుంటున్న పిల్లి.

"ఏదీ?" అంది రొప్పుతూ.

వరండాలో కూర్చుని ఖర్జూరాలు తింటున్న మున్షీ మీర్ జమాల్ తలెత్తాడు. దొరగారి తరఫున ఊళ్ళో అన్ని వ్యవహారాలూ చక్కబెట్టేది ఆయనే. "ఏది ఏదీ?" అన్నాడు.

"కొయ్యయ్యా! జెండా కొయ్య! నిన్న సాయంత్రం దాకా ఇక్కడే నిలబడి ఏడ్చింది కదా!"

"ఓ, అదా. నూనె పట్టించడానికి రేవుకి పంపాం. ఎల్లుండి రా."

ఎల్లుండి రావాలట! చేపలు కొనడానికి వచ్చినట్టు మాట్లాడుతున్నాడు పెద్దమనిషి. తుఫాహాకి ఏడుపూ కోపమూ ఒకేసారి తన్నుకొచ్చాయి.

ఖోర్ సిద్ర రేవులో పాలుతాగే పిల్లలకి తప్ప అందరికీ తెలిసిన సంగతే ఇది. బానిస ఎవరైనా పారిపోయి వచ్చి ఆ జెండా కొయ్యని రెండు చేతులా కావలించుకుంటే, ఇక యజమాని ముట్టుకోవడానికి లేదు. దొర బయటికొచ్చి నాలుగు ప్రశ్నలు అడిగి, ఇకనుంచి నీకు నువ్వే యజమానివి పొమ్మంటాడు. కావలించుకునేలోపు దొరికిపోతే మాత్రం ఈడ్చుకుపోవచ్చు, దొర అటు తిరిగి మీసం దువ్వుకుంటాడు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. సముద్రం అవతలి పెద్ద దొరలకి తెలుసో లేదో కూడా అనుమానమే. ఊరు నమ్మింది, ఇక్కడి దొరలు కాదనలేదు, అలా సాగిపోతోంది.

"ఎల్లుండి దాకా నేనిక్కడ ఉండను మున్షీగారూ. మధ్యాహ్నం పోటుకి నన్ను అవతలి ఒడ్డున ఉన్న లింగాకి పోయే పడవ ఎక్కించేస్తున్నారు."

సంగతేమిటంటే, తుఫాహా చెయ్యి మంచిది. నఖుదా ఘానిం ఇంట్లో వంట ఆమెదే. నఖుదా అంటే ముత్యాల పడవకి యజమాని, సముద్రం మీద రాజు. పోయిన వారం ఆయన ఇంటికి లింగా నుంచి బియ్యం వర్తకుడు ఒకడు విందుకొచ్చాడు. ఎండు నిమ్మకాయ వేసి ఆమె వండిన చేపల అన్నం తిని, వేళ్ళు నాక్కుని, పళ్ళెం కూడా నాకినంత పని చేసి, "ఆహా, ఈ చెయ్యి నా ఇంట్లో ఉంటేనా!" అన్నాడు. "ఓస్, అంతేనా, తీసుకుపో" అన్నాడు ఘానిం. అంతే, కుండో చాపో ఇచ్చేసినట్టు ఇచ్చేశాడు. ఆ ఇంట్లోనే ఆమెకొక మొగుడున్నాడని, వాడి పేరు యాకూత్ అని, వాడు ఆయన పడవ మీదే ముత్యాల కోసం మునుగుతాడని ఆయనకి గుర్తులేక కాదు. గుర్తుంచుకోవాల్సిన అవసరం లేక. పాడు వంట, పాడు చెయ్యి అని పొయ్యి ముందు కూర్చుని ఎంత ఏడ్చిందో పిచ్చిది.

"పోనీ, ఈ గుంతని పట్టుకుంటాను. దొరగారిని పిలవండి" అంది తుఫాహా.

మున్షీ ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, పాపం. "గుంతనెవరూ ఇంతవరకూ పట్టుకోలేదమ్మా. దొరగారు ఒప్పుకోరు. పైగా ఆయన గుడ్డు తింటున్నారు."

అంతలో సందు మలుపులో ఘానిం గొంతు వినబడింది. "అది ఏజెన్సీకే వచ్చుంటుంది! పట్టుకోండ్రా!"

తుఫాహా వెనక గోడ ఎక్కి అవతలికి దూకింది. దూకడంలో చెప్పు ఒకటి ఊడిపోయింది. రెండోది కూడా విసిరేసి రేవు వైపు పరుగు తీసింది.

ఆ రోజు రేవంతా హడావిడిగా ఉంది. ముత్యాల పడవలన్నీ మర్నాడు పొద్దున్న డప్పు మోగగానే ఒక్కసారిగా కదలాలి. వెనకబడ్డ పడవకి మంచి చోటు దొరకదు, ఊళ్ళో పరువూ దక్కదు. అందుకే ఎక్కడ చూసినా నీళ్ళ తొట్టెలు, ఖర్జూరం బుట్టలు, బియ్యం మూటలు మోసేవాళ్ళే. నేల మీద వరసగా పడుకోబెట్టిన తెరచాప కొయ్యలకి వడ్రంగులు సొరచేప నూనె పట్టిస్తున్నారు. ఆ కంపుకి కొత్తవాడెవడైనా వస్తే మూర్ఛపోవాలి. ఏజెన్సీ జెండా కొయ్య కూడా ఒకప్పుడు తెరచాప కొయ్యే కాబట్టి, ఏటేటా దానికీ ఈ వైభోగం తప్పదు.

తుఫాహా దాన్ని చూడగానే గుర్తుపట్టింది. చివరన ఇత్తడి బంతి ఉంది. రెండు దిమ్మల మీద హాయిగా పడుకుని ఉంది మహాతల్లి.

"ఉస్తా, ఇదేనా దొరగారి కొయ్య?"

ముసలి వడ్రంగి దర్వీష్ నూనె గుడ్డ పక్కనపెట్టి ఆమె ముఖం చూశాడు, వట్టి పాదాలు చూశాడు, ఇక ఏమీ అడగలేదు. "ఇదే తల్లీ. ఇటు పట్టుకోకు, జారిపోతావు. ఆ సగానికి ఇంకా నూనె పెట్టలేదు. అటెళ్ళి పట్టుకో" అన్నాడు.

ఆమె వెళ్ళి దాని మీద బోర్లాపడి కాళ్ళూ చేతులూ చుట్టేసింది. అమ్మయ్య అనుకుంది. కానీ అది ఒక్క నిమిషమే.

ఘానిం వగరుస్తూ వచ్చాడు. లావుపాటి మనిషి, తలపాగా చెవి మీదికి జారింది. "ఒసేయ్, లే! ఇదేమన్నా జెండా అనుకున్నావా? వట్టి దుంగ!"

"దుంగైతే మీకేం అభ్యంతరమయ్యా? దుంగని కావలించుకున్నా తప్పేనా?"

చుట్టూ జనం మూగారు. బియ్యం మూటలు మోస్తున్న ఘానిం పడవ మనుషులు కూడా మూటలు దించి వచ్చారు. వాళ్ళలో యాకూత్ ఉన్నాడు. పొడుగు మనిషి, ఉప్పునీళ్ళకి ఎర్రబడ్డ కళ్ళు. పెళ్ళాన్ని ఆ స్థితిలో చూసి జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. మొగుడు పారిపోతే పెళ్ళాన్ని అమ్మేస్తారు, పెళ్ళాం పారిపోతే మొగుడి వీపు చీరేస్తారు, అందుకే ఇన్నేళ్ళూ ఇద్దరూ కదలకుండా పడున్నారు. ఇప్పుడు ఆ భయమూ పోయింది. తన వీపు చీరితే చీరనీ, తుఫాహా లింగా పోకూడదు. వాడి ముఖంలో ఉన్నది అదొక్కటే.

"కొట్టి లేపండ్రా దాన్ని!" అన్నాడు ఘానిం.

"ఆగండి!" అని గొంతు వినబడింది.

పెన్‌ఫోల్డ్ దొర మెడలో తుడుచుకునే గుడ్డతోనే వచ్చేశాడు, మీసానికి గుడ్డు సొన అంటుకుని. వెనకాల గొడుగు పట్టుకుని మున్షీ. ఈ దొర చెడ్డవాడు కాడు. కాకపోతే పైవాళ్ళు ఆయనకి రెండు ముక్కలు చెప్పి పంపారు. పారిపోయి వచ్చిన బానిసల్ని కాపాడు. ముత్యాల నఖుదాలకి కోపం తెప్పించకు. ఆ రెండూ ఒకేసారి ఎలా చేయాలో మాత్రం చెప్పలేదు. అందుకని ఇళ్ళలో వంట చేసే ఆడవాళ్ళు వస్తే దొర మహా దయగా ఉండేవాడు. ముత్యాలకి మునిగే మగవాళ్ళు వస్తే మాత్రం ఆయనకి తలనొప్పి వచ్చేది, సరిగ్గా ఆ రోజే గుర్రం మీద షికారుకి పోయేవాడు. ఇదేం న్యాయమో ఆయన్నే అడగాలి.

ఆయన అరబ్బీ పుస్తకాల్లోంచి నేర్చుకున్నది. అందుకే ఏం మాట్లాడినా సభలో చదివినట్టు ఉంటుంది. "ఓ స్త్రీ! నీ యజమాని నిన్ను హింసించెనా?"

"లేదని చెప్తే వెనక్కి పంపేస్తారా దొరా?" అంది తుఫాహా కొయ్య మీంచి తలెత్తకుండానే.

జనం కిసుక్కుమన్నారు. దొర మీసం తుడుచుకున్నాడు.

ఘానిం ముందుకొచ్చాడు. "దొరా, మీ ఆవరణలో నిలబడి ఉన్న కొయ్యని పట్టుకుంటే మా నాన్న ఒప్పుకున్నాడు, నేనూ ఒప్పుకున్నాను. ఇసకలో పడున్న కట్టెని పట్టుకున్నా ఒప్పుకోవాలా? రేపు మీ కుర్చీ పట్టుకుంటారు. ఎల్లుండి మీ గాడిద తోక పట్టుకుంటారు. వంటచెరుక్కి పనికొచ్చే దుంగకి ఇంత మర్యాదేంటండీ?"

వంటచెరుకు అనేసరికి దొర ముఖం ఎర్రబడింది. ఇంతమందిలో జెండా కొయ్యని వంటచెరుకు అంటాడా! "నఖుదా ఘానిం! అందరూ వినుడు. ఈ కొయ్య ఎచటనున్నను మా ప్రభుత్వపు కొయ్యయే. నిలబడినను, పరుండినను కొయ్యయే. దీనిని పట్టుకొనిన వారెవరైనను, ఎందరైనను, నా రక్షణలో ఉన్నట్లే!"

బాగానే గర్జించాడు. వెంటనే పైవాళ్ళు చెప్పిన రెండో ముక్క గుర్తొచ్చినట్టుంది, గొంతు తగ్గించాడు. మున్షీ చెవిలో ఏదో గొణిగాడు. మున్షీ తల ఊపి, ఘానింకి సర్దిచెప్పాడు. "నఖుదాగారూ, మీ మాటా పోకుండా, మా మాటా పోకుండా చేద్దాం. కొయ్యని ఇప్పుడే ఆవరణలోకి తీసుకెళ్ళి నిలబెడదాం. అప్పటికి ఈమె చెయ్యి వదలకుండా ఉంటే ఈమెకి విముక్తి. దారిలో వదిలేసిందా, మీది. సరేనా?"

"సరే" అన్నాడు ఘానిం. "కానీ మోసేదెవరు? మీ దగ్గరున్నది ఇద్దరు బంట్రోతులేగా?" అంటూనే ఆయన ముఖం వెలిగిపోయింది. ఎందుకు వెలిగిందో తుఫాహాకి వెంటనే అర్థమైంది. కొయ్య భుజాలకెక్కి నాలుగు కుదుపులు కుదిపితే ఎవరైనా రాలిపోవాల్సిందే. "మా వాళ్ళు ఉన్నారుగా! ఒరేయ్, అందరూ రండ్రా! ఎత్తండి! గట్టిగా పట్టుకోండి!"

డజను మంది వచ్చారు. అందరూ ఆయన బానిసలే, అందరూ సముద్రంలో మునిగేవాళ్ళే. కొయ్యకి అటూ ఇటూ నిలబడి, హుప్ అని ఎత్తారు. తుఫాహా కొయ్య కిందికి తిరిగిపోయి గబ్బిలంలా వేలాడింది. కళ్ళు తిరిగాయి. అంతలో వీపు కింద ఏదో గట్టిగా తగిలింది. యాకూత్ భుజం.

"ఎంత బరువే నువ్వు!" అన్నాడు కిందనుంచి.

"నీకు దాచిపెట్టినవన్నీ నేనే తిన్నాను. నడు" అంది. ఏడుస్తూనే అంది.

"ఊపండ్రా! కొంచెం కుదుపుగా నడవండి, అదేం పెళ్ళి పల్లకీ కాదు!" అని ఘానిం వెనకనుంచి అరుస్తున్నాడు. వాళ్ళేమో నిండు నీళ్ళ కుండ మోస్తున్నంత నెమ్మదిగా నడుస్తున్నారు. అయినా నూనె వైపు నుంచి సొర నూనె కారి ఆమె చేతుల దాకా వచ్చింది. పట్టు జారడం మొదలైంది.

"యాకూత్! జారిపోతున్నా!"

వాడు ఒక చేత్తో కొయ్య పట్టుకుని, వంగి, గుప్పెడు ఇసక తీసి ఆమె చేతుల మీద పులిమాడు. మళ్ళీ వంగాడు, మళ్ళీ పులిమాడు. చర్మం గీసుకుపోయింది కానీ పట్టు నిలిచింది. ఆ ఇసక చల్లగా, గరుగ్గా, ప్రాణం లేచొచ్చినట్టు అనిపించింది ఆమెకి.

బజారు మలుపు తిరుగుతుండగా యాకూత్ పాట ఎత్తుకున్నాడు. పడవ మీద లంగరు లాగేటప్పుడు పాడేది వాడే. ముందు ఒక ముక్క వాడు కట్టి పాడతాడు, మిగతావాళ్ళు బదులు పాడతారు, ఏ పూట ఏ మాట కడితే ఆ మాట. మామూలుగా అరబ్బీలో పాడతాడు. ఆ రోజు సవాహిలీలో పాడాడు. పడవ మీద మునిగేవాళ్ళంతా చిన్నప్పుడు ఆఫ్రికా ఒడ్డు నుంచి ఎత్తుకొచ్చిన వాళ్ళే, తుఫాహాతో సహా అందరికీ ఆ భాష వచ్చు. ఘానింకి ఒక్క ముక్క రాదు.

"దొర ఏమన్నాడు తమ్ముళ్ళారా?"

"ఎందరైనా సరే అన్నాడు!"

"మన చేతులెక్కడున్నాయి తమ్ముళ్ళారా?"

నడక తడబడింది. తుఫాహా తల పక్కకి తిప్పి చూసింది. ముందున్నవాడు తన చేతుల వంక చూసుకుంటున్నాడు. వాడి వెనకవాడు కూడా. ఇన్నేళ్ళుగా భుజాలకున్న చేతులే, ఎప్పుడూ చూడనట్టు చూసుకుంటున్నారు. తర్వాత అందరూ ఒకేసారి గొంతెత్తారు.

"కొయ్య మీదున్నాయి! కొయ్య మీదున్నాయి!"

పాట జోరు చూసి ఘానిం కూడా చప్పట్లు కొట్టాడు. "భేష్! అలా పాడుతూ పాడుతూ కుదపండి!" అన్నాడు. తుఫాహాకి నవ్వు ఆగలేదు. నవ్వితే పట్టు పోతుందని పెదవి కొరుక్కుంది. తనొక్కతే బయటపడినా చాలనుకుని వచ్చింది. ఇప్పుడు అందరి ప్రాణాలూ ఈ ఒక్క కొయ్య మీద ఎక్కాయి.

ఆవరణలోకి వచ్చారు. పిల్లి దారి ఇచ్చింది. మొదలు గుంతలో దింపి, పాడుతూనే పైకి లేపి నిలబెట్టారు. బంట్రోతులు రాళ్ళు బిగించారు. తుఫాహా నేల మీద మోకాళ్ళూని కొయ్యని అంటుకునే ఉంది. దొర జెండా ఎగరేయించి, టోపీ తీసి మళ్ళీ పెట్టుకుని, "ఓ స్త్రీ! ఈ దినము నుండి నీవు స్వతంత్రురాలవు" అన్నాడు. జనం ఈలలు వేశారు.

ఘానిం ఉమ్మేశాడు. "సరే, మాటంటే మాట. నా వంటా పోయింది, ఆ లింగా నేస్తమూ పోయాడు. ఒరేయ్, పదండ్రా, మూటలు ఎక్కించాలి."

ఎవరూ కదల్లేదు.

కొయ్య చుట్టూ చేతుల మీద చేతులు వేసి పట్టుకుని ఉన్నారు. అందనివాళ్ళు సందులోంచి చెయ్యి దూర్చి అరచెయ్యి ఆనించారు.

"చెవుడా? పదండి!"

"మేమూ పట్టుకున్నామయ్యా" అన్నాడు యాకూత్.

ఘానింకి విషయం తలకెక్కడానికి కొంచెం టైం పట్టింది. ఎక్కాక కేక పెట్టాడు. "నేను పట్టుకోమంటే పట్టుకున్నార్రా!"

"ఔనయ్యా, మీరే గట్టిగా పట్టుకోండ్రా అన్నారు. మీ మాట ఎప్పుడైనా కాదన్నామా?"

ఆవరణ అంతా గొల్లుమంది. తమాషా చూడ్డానికి వచ్చి గోడ మీద కూర్చున్న మిగతా నఖుదాలు పొట్టలు పట్టుకున్నారు. "ఘానిం! ఈ ఏడు నువ్వే ముక్కు మూసుకుని మునుగుతావా ఏంటి?" అని ఒకడు అరిచాడు.

దొరకి అప్పుడే తలనొప్పి మొదలైంది. గుర్రం దగ్గర్లో లేదు. "ఇది... ఇది క్లిష్టమైన విషయము. బుషేర్‌లోని మా పై అధికారికి వ్రాసెదను. ఆయన జవాబు వచ్చు వరకు మీరందరూ యజమాని పడవలో..."

"జవాబు ఎప్పుడొస్తుంది దొరా?"

"ఒక మాసము."

"అయితే ఒక మాసం ఇక్కడే ఉంటాం. ఊపిరి బిగబట్టుకుని కూర్చోడం మాకు కొత్త కాదు" అన్నాడు యాకూత్.

తుఫాహా కొయ్య మొదట్లోంచి గొంతెత్తింది. "రేవులో ఏమన్నారు దొరా? ఎవరైనను, ఎందరైనను అన్నారా లేదా? ఊరంతా విన్నది. నా ఒక్కదానికైతే కొయ్య, వీళ్ళకైతే వంటచెరుకా?"

విన్నాం, విన్నాం అని జనం అరిచారు. మున్షీ గొడుగు చాటున నవ్వు దాచుకుని, "అన్నారండి. నేనూ విన్నాను" అన్నాడు దొరతో.

దొర జెండా వంక చూశాడు, జనం వంక చూశాడు, చివరికి ఘానిం వంక చూశాడు. ఘానిం ఆ సరికి నేల మీద చతికిలబడి తలపాగా విప్పేసి దాంతోనే విసురుకుంటున్నాడు. రేపు పొద్దున్న డప్పు మోగుతుంది. పడవలన్నీ కదిలిపోతాయి. తన పడవ ఒక్కటే ఇసకలో. నవ్వేవాళ్ళ నవ్వులు వేసవంతా వినాలి.

"రేపు పడవెక్కుతారా?" అన్నాడు చివరికి. దొరని కాదు, యాకూత్‌ని అడిగాడు. యాకూత్‌ని ఏదైనా అడగడం ఆయనకి అదే మొదటిసారి.

యాకూత్ వంగి తుఫాహా వంక చూశాడు.

"ముందు విడుదల చేయించమను, తర్వాత బేరం" అంది ఆమె.

"ముందు విడుదల చెయ్యండి. ఊళ్ళో మిగతా మునిగేవాళ్ళకి ఎంత వాటా ఇస్తారో మాకూ అంత వాటా. అప్పుడు ఎక్కుతాం" అన్నాడు యాకూత్. వెనకనుంచి ఎవరో, "ఎక్కాలనిపించినవాళ్ళు ఎక్కుతారు!" అని అందించారు. ఆ మాట వాళ్ళకే ఎంత నచ్చిందో, మళ్ళీ మళ్ళీ అనుకున్నారు.

ఘానిం చెయ్యి విసిరాడు. "చెయ్యండి దొరా, చేసి పారెయ్యండి! నేనేం అడ్డు చెప్పను. తెల్లారేసరికి నా పడవ నీళ్ళల్లో ఉండాలి, అంతే!"

దొరకి ప్రాణం లేచొచ్చింది. నఖుదాకి కోపం తెప్పించకుండానే బానిసల్ని కాపాడేశాడు. ఇక ఉత్సాహంగా ఒక్కొక్కరినీ పేరడిగి, ఊరడిగి, నీవు స్వతంత్రుడవు, నీవు స్వతంత్రుడవు అంటూ పోయాడు. ఊరు పేరు గుర్తులేనివాళ్ళే ఎక్కువ. ఒకడు మాత్రం అమ్మ పేరు చెప్పాడు, అదే ఊరన్నట్టు. పేరు పిలిచినవాడు చేతులు తీసి పక్కకి జరిగాడు, జరిగి ఏం చేయాలో తెలీక అక్కడే నిలబడ్డాడు. కొంచెంసేపటికి ఒకళ్ళనొకళ్ళు వాటేసుకుని గంతులు వేశారు. మున్షీ ఖర్జూరాల పళ్ళెం అందరి ముందూ తిప్పాడు.

కొయ్య దగ్గర తుఫాహా ఒక్కతే మిగిలింది. అందరికన్నా ముందు విడుదలైంది ఆమే, ఇంకా పట్టుకునే ఉన్నదీ ఆమే. చేతులకి నూనె, ఇసక, రక్తం అట్టకట్టాయి. వేళ్ళు ఒకదాంట్లో ఒకటి దూరి బిగుసుకుపోయాయి.

యాకూత్ వచ్చి పక్కన గొంతుకూర్చున్నాడు.

"అయిపోయిందే. లింగా లేదు, గింగా లేదు. ఇక నిన్నెవరూ ఎక్కడికీ పంపలేరు. వదిలెయ్."

తుఫాహా ముఖం కొయ్యకి ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. పొద్దుటినుంచి దాచుకున్నదంతా ఏడ్చింది.

"నాకు తెలుసు" అంది. "నా చేతులకి చెప్పు."

వాడు ఒక్కొక్క వేలూ పట్టుకుని, నెమ్మదిగా విప్పుతూ, ప్రతి వేలికీ చెప్పాడు.